యాసను డబ్బింగ్‌లో సరిచేసుకోవచ్చా? తెర మీది మాట గురించి అపోహలు - వాస్తవాలు

నేను హనుమకొండలో ఉంటూ డబ్బింగ్‌కు మాటలు రాస్తాను. రికార్డింగ్ జరిగేటప్పుడు పక్కన కూర్చుని లిప్ చూస్తాను, అంటే తెర మీది పెదవుల కదలికకు మాట కలుస్తోందో లేదో చూస్తాను. వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు షార్ట్ ఫిల్ములు, వెబ్ సిరీస్‌లు తీసే పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. కెమెరా పని, ఎడిటింగ్ మంచిగా నేర్చుకుంటున్నారు. మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరో చెప్పగా విన్న నమ్మకాల మీదే నడుస్తున్నారు. వాటిలో కొన్ని, కష్టపడి తీసిన సీన్లను పాడుచేస్తున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: డబ్బింగ్‌లో ప్రతి అక్షరానికీ పెదవి కలవాలి

కలవాల్సినవి కొన్నే. ప, ఫ, బ, భ, మ పలకాలంటే రెండు పెదవులూ మూతపడాలి, వేరే దారి లేదు. ఉర్దూ, ఇంగ్లిష్ మాటల్లో వచ్చే ‘ఫ్’కు కింది పెదవి పై పళ్లకు తగులుతుంది, మన ‘వ’కు తగిలీ తగలనట్టుంటుంది. ఉ, ఒ, ఓలకు పెదవులు గుండ్రమవుతాయి. ‘ఆ’ దగ్గర దవడ దిగుతుంది. ఇవి కంటికి కనిపిస్తాయి. క, గ, ట, డ, త, ద, న, ర, ల మాత్రం నాలుక లోపల చేసుకునే పని. మిడ్ షాట్‌లో, అంటే మనిషి నడుము దాకా కనిపించే షాట్‌లో, వాటిని ఎవరూ పట్టుకోలేరు.

హిందీ సీరియల్లో ఒక తండ్రి కూతురితో ‘ముఝే మాఫ్ కరో’ అన్నాడనుకోండి. ‘ము’ దగ్గర పెదవులు మూశాడు, ‘మా’ దగ్గర మళ్లీ మూశాడు, ‘ఫ్’ దగ్గర పెదవి పళ్లకు తగిలింది, ‘రో’ దగ్గర నోరు గుండ్రంగా ఆగింది. దీనికి ‘నన్ను క్షమించమ్మా’ అని రాస్తే అర్థం సరిపోతుంది, లిప్ సరిపోదు. ఆయన పెదవులు మూసినచోట మనం ‘న’ అంటున్నాం. ఆయన నోరు తెరిచి ఆపినచోట మనకు ‘మ్మా’ వచ్చి పడింది. అదే ‘బిడ్డా, మాఫ్ చెయ్యు’ అని చూడండి. ‘ము’ మీద ‘బి’, ‘మా’ మీద ‘మా’, ‘ఫ్’ మీద ‘ఫ్’, ‘రో’ మీద ‘యు’ కూర్చున్నాయి. ‘ఝే’, ‘డ్డా’ రెండూ నాలుక పనే కాబట్టి ఆ కాస్త తేడా దాటిపోతుంది. పైగా మా దిక్కు తండ్రి నోట సహజంగా వచ్చే మాట అదే.

కొత్తగా రాసేవాళ్లకు నేను చెప్పేది ఇదే: ముందు అక్షరాలు లెక్కపెట్టకండి. సౌండు ఆపేసి, ఆ నోరు ఎక్కడ మొదలైంది, ఎక్కడెక్కడ మూసుకుంది, ఎక్కడ ఆగింది అన్నది రాసుకోండి.

అపోహ: మాటను చెవితోనే వింటాం

హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు పరిశోధకులు 1976లో ‘నేచర్’ పత్రికలో ఒక ప్రయోగం ప్రచురించారు. చెవికి ‘బ’ వినిపిస్తూ, తెర మీద ‘గ’ పలికే నోరు చూపిస్తే, పెద్దవాళ్లలో ఎక్కువమందికి ‘ద’ అని వినిపించింది. కళ్లు మూసుకుంటే మళ్లీ ‘బ’నే. అంటే లిప్ తప్పితే చూడ్డానికి బాగుండకపోవడం ఒక్కటే కాదు, కొన్నిసార్లు మాటే వేరేగా చెవిన పడుతుంది.

మా వరంగల్ వాళ్లకు ఇది కళ్లారా చూసిన సంగతే. మట్టెవాడలో పుట్టి, 2001లో పద్మశ్రీ అందుకున్న నేరెళ్ల వేణుమాధవ్ గారు మిమిక్రీతో పాటు వెంట్రిలాక్విజంలోనూ ఆరితేరినవారు. ఆ విద్యలో కళాకారుడి పెదవి కదలదు, బొమ్మ నోరు కదులుతుంది, మనకు గొంతు బొమ్మ నోట్లోంచే వస్తుంది. థియేటర్‌లో జరిగేదీ అదే. డైలాగు ఎక్కువగా తెర వెనక మధ్యలో ఉన్న స్పీకర్ నుంచి, తెరకున్న సన్నటి రంధ్రాల గుండా వస్తుంది. హీరో తెరకు ఎడమ అంచున ఉన్నా మాట ఆయన నోటి నుంచి వచ్చినట్టే అనిపిస్తుంది.

అపోహ: సెట్‌లో ఎలా మాట్లాడినా ఫర్వాలేదు, యాస డబ్బింగ్‌లో పెట్టుకుందాం

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇది. కాళోజీ గారి పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆయన బతికిన ఊళ్లోనే తీసే కథల్లో మన మాటను చివర్లో పూసే రంగులా చూడటం నాకు మింగుడుపడదు.

మనసు సంగతి అటుంచి, నోటి సంగతి చూద్దాం. ‘వచ్చాడు’ అనేటప్పుడు ‘చ్చా’ దగ్గర దవడ బాగా దిగుతుంది. ‘వచ్చిండు’ అనేటప్పుడు దవడ దాదాపు కదలదు. ‘చేశాను’లో నోరు తెరుచుకుంటుంది, ‘చేసిన’లో పెదవులు పక్కలకు సాగుతాయి. ‘వెళ్తున్నాను’ పెదవులు విడిగా మొదలై ‘ను’తో ముగుస్తుంది. ‘పోతున్న’ మూసిన పెదవులతో మొదలై, గుండ్రమై, తెరిచిన నోటితో ఆగుతుంది, ఒక అక్షరం తక్కువ కూడా. సెట్‌లో ‘నేను వెళ్తున్నాను’ అన్న క్లోజప్ మీద ‘నేను పోతున్న’ వేసి చూడండి. క్రియ మొదలూ కలవదు, చివరా కలవదు. యాస బాగా తెలిసిన ఆర్టిస్టు చెప్పినా ఆ మాట ఆ ముఖానికి అతకదు. అప్పుడు జనం ‘యాస కృత్రిమంగా ఉంది’ అంటారు. తప్పు యాసది కాదు, గొంతుదీ కాదు, షూటింగ్ రోజుది.

‘తెలంగాణ మాట లిప్‌కు పడదు’ అనే పుకారు కూడా ఇట్లాంటి చోటే పుట్టింది. నిజానికి క్రియల చివర్లు పొట్టిగా ఉండటం వల్ల ఇరుకు లిప్‌లో మన మాట హాయిగా పడుతుంది. ‘చేస్తాం’ కావచ్చు, ‘చేస్తం’ కావచ్చు, రెండూ మూసిన పెదవులతోనే ఆగుతాయి. హిందీ ‘హమ్’, ‘తుమ్’లతో ఆగే వాక్యాల మీద అవి చక్కగా కూర్చుంటాయి.

ఇక ‘గిట్ల’, ‘గట్ల’ నాలుగు చోట్ల చల్లితే యాస అయిపోతుందనేవాళ్లతో ఒక్కటే చెప్తాను: క్రియ చివరన, పిలుపులో, వాక్యం రాగంలో ఉంటుంది యాస. నటుడు వేరే ప్రాంతం వాడైతే ముందే రిహార్సల్ చేయించండి. సెట్‌లో ఊరి మనిషినొకరిని పక్కన కూర్చోబెట్టి, గైడ్ ట్రాక్ (డబ్బింగ్‌కు ఆధారంగా సెట్‌లోనే రికార్డు చేసే మాట) మంచిగా తీసుకోండి. ఇప్పటికే షూట్ అయిపోయిందా? మాట మారేచోట వినేవాడి ముఖానికో, బ్యాక్ షాట్‌కో కట్ చేయండి. నోరు కనపడనంతసేపు ఏ మాటైనా రాసుకునే స్వేచ్ఛ మీదే.

అపోహ: సౌండు కాస్త ముందున్నా, కాస్త వెనకున్నా ఒకటే

ఒకటి కాదు. ఉరుము మెరుపు తర్వాత వినే అలవాటు మనది, సౌండు ఆలస్యమైతే మెదడు సర్దుకుంటుంది. నోరు తెరవకముందే మాట వస్తే వెంటనే పట్టేస్తుంది. టీవీ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సూచనల్లో, సౌండు సుమారు 45 మిల్లీసెకన్లు ముందొస్తేనే తేడా తెలుస్తుందనీ, వెనకైతే 125 దాకా తెలియదనీ ఉంది. సెకనుకు 24 ఫ్రేముల లెక్కన ఒక ఫ్రేము 42 మిల్లీసెకన్లు. అనుమానం వస్తే సౌండును ఒక ఫ్రేము ఆలస్యంగా వచ్చేలా జరపండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని సింక్ చూడకండి. వాటిలోనే ఆలస్యం ఉంటుంది.

అపోహ: గొంతు బాగుంటే చాలు

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తా ఎత్తుతున్న హమాలీ మాట్లాడితే వినండి. బస్తా భుజం మీదికి వచ్చే క్షణంలో ఊపిరి బిగబట్టి ఉంటాడు, మాట మధ్యలో తెగుతుంది, బరువు కుదురుకున్నాక మిగతాది వస్తుంది. ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని, కమ్మటి గొంతుతో ఆ డైలాగు చెబితే లిప్ కలిసినా నమ్మబుద్ధి కాదు. నేనైతే ఆర్టిస్టును నిలబెట్టి, రెండు చేతులతో గోడను నెడుతూ చెప్పమంటాను. గొంతు తనంతట తానే మారుతుంది.

అపోహ: డైలాగు అర్థం కాలేదంటే ఆర్టిస్టు ఉచ్చారణే తప్పు

చాలాసార్లు తప్పు మిక్సింగ్‌ది. హల్లుల్లో బలం తక్కువ, బీజీఎం (నేపథ్య సంగీతం) పెంచగానే ముందు మునిగేవి అవే. నోరు కనిపిస్తుంటే కన్ను కొంత సాయం చేస్తుంది. ముఖానికి గుడ్డ కట్టుకున్న పాత్ర, వెనక్కి తిరిగిన పాత్ర మాట్లాడేటప్పుడు ఆ సాయం ఉండదు. అక్కడ సంగీతం ఇంకాస్త తగ్గించాలి. సరిపోయిందో లేదో చూడటానికి స్క్రిప్టు ఎన్నడూ చదవని మనిషిని కూర్చోబెట్టి, విన్నది విన్నట్టు చెప్పమనండి. రచయితనూ ఎడిటర్‌నూ అడగకండి. వాళ్లకు డైలాగు కంఠతా వచ్చు కాబట్టి, వినపడకపోయినా వినపడినట్టే ఉంటుంది.