టెంకి చేప, కొబ్బరి తెగులు: కంటికి కనిపించినంతేనా లెక్క?

విశాఖపట్నంలో జీవశాస్త్రం బోధించే నేను ఏటా విద్యార్థులను ఒక రోజు చేపలరేవుకూ, మరొక రోజు భీమిలి వైపు కొబ్బరి తోటలకూ తీసుకువెళ్తాను. రెండు చోట్లా వినిపించే అపోహ ఒక్కటే: కంటికి కనిపించినంతే ఉన్నదనుకోవడం.

అపోహ: కొబ్బరి మొదట్లో లేచిన పుట్టగొడుగును చెక్కివేస్తే చెట్టు బతుకుతుంది.

వాస్తవం: రైతును ఎక్కువగా ముంచేది ఈ నమ్మకమే. ఆ గొడుగు గానోడెర్మా శిలీంధ్రానికి కాయ వంటిది. అసలు శిలీంధ్రం వేళ్లలోనూ కాండం అడుగునా ఉంటుంది. కాండం మొదట్లో ఎర్రటి గోధుమరంగు బంక కారడం, కింది మట్టలు పసుపుబారి వేలాడడం సాధారణంగా గొడుగు కంటే ముందే కనిపిస్తాయి. ఒక తోటలో రైతు గొడుగులన్నీ శుభ్రంగా చెక్కి, "పీడ వదిలిందండీ" అని చూపించారు. ఆయన చూపిన చెట్టు మొదలు నుంచి బయలుదేరిన నీటి కాలువ పక్క చెట్టు పాదులోకి పోతోంది. ఆ పక్క చెట్టుకు బంక కారిన పగులులో వేలు పెడితే బెరడు మెత్తగా లోపలికి దిగింది. ఆయన ముఖం చూసి నాకు మాట రాలేదు.

అపోహ: రేవులో కుప్పలుగా పడే గిటార్ చేపకు (ఇదీ చదునైన టెంకి చేపల్లో ఒకటి) ముప్పేమిటి?

వాస్తవం: విద్యార్థిగా నేనూ అలాంటి కుప్పను చూసి నోటుపుస్తకంలో "పుష్కలం" అని రాసుకున్నాను. ఆ పక్కనే చేపలు కోస్తున్న ఒక అవ్వ ఒక గిటార్ చేప పొట్ట చీల్చగా ఏడు పిల్లలు బయటపడ్డాయి. గానోడెర్మా గొడుగు ఒక్కటే లెక్కలేనన్ని బీజాలను గాలిలోకి వదులుతుంది. కానీ నిదానంగా ఎదిగి కొద్దిపాటి పిల్లలను కనే టెంకి జాతులకు తల్లిని పోగొట్టుకోవడం పెద్ద దెబ్బ. పెద్ద గిటార్ చేపలు 2019లో, వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండవ అనుబంధంలో చేరడానికి ఇదీ ఒక కారణం.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. గిటార్ చేప తోకకు విషపు ముల్లు ఉండదు. మందుగా క్యాప్సూళ్లలో అమ్ముతారు కాబట్టి గానోడెర్మా చెట్టుకు హాని చేయదన్నది వట్టి పుకారు. తెగులు సోకిన చెట్టు కాయ తిన్నవారు భయపడనవసరం లేదు, ఆ శిలీంధ్రం చెట్టుకే శత్రువు. బంక కనిపించగానే చెట్టు చుట్టూ రెండడుగుల లోతున కందకం తవ్వి, ఆ పాదు నీరు పక్క చెట్టుకు పోకుండా కట్టివేసి, వేపపిండిలో ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రాన్ని కలిపి వేయాలి. చచ్చిన చెట్టును మోడుతో, వేళ్లతో సహా పెకలించి కాల్చాలి.