‘వందసార్లు చేశాం, ఏమీ కాలేదు’: కెమికల్ ప్లాంట్లలో నేను వినే అపోహలు

పద్దెనిమిదేళ్లుగా బొల్లారం, జీడిమెట్ల, పాశమైలారం ప్లాంట్లలో ప్రాసెస్ సేఫ్టీ పని చేస్తున్నాను. చదువుకున్న కెమిస్టుల నోటా, నిన్న చేరిన హెల్పర్ల నోటా ఒకే రకం మాటలు వింటుంటాను. వాటి వల్ల మనుషులు పోవడం చూశాను కాబట్టి ఇది రాస్తున్నాను.

అపోహ: ఈ ప్రాడక్ట్ వందసార్లు చేశాం. ఏమీ కాలేదు.

అమెరికాలోని జాక్సన్‌విల్‌లో టీ2 ల్యాబొరేటరీస్ అనే చిన్న కంపెనీ పెట్రోల్‌లో కలిపే ఒక అడిటివ్ చేసేది. 2007 డిసెంబరు 19న రియాక్టర్ పేలి నలుగురు చనిపోయారు. అది వాళ్ల 175వ బ్యాచ్. వేడిని లాగేయడానికి వాళ్లకు ఉన్నది ఒక్కటే కూలింగ్ ఏర్పాటు, అది ఆగితే రెండోది లేదు. పైగా ఉష్ణోగ్రత 200 డిగ్రీల దరిదాపులకు చేరితే లోపల ఇంకో రియాక్షన్ మొదలవుతుందని వాళ్లకు తెలియదు. 174 బ్యాచ్‌లు అంత దూరం వెళ్లలేదు, అంతే.

ఇందులో అసలు విషయం వేడి లెక్క. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రియాక్షన్ వేగం సుమారుగా రెట్టింపవుతుంది. ఇంకో పది పెరిగితే మళ్లీ రెట్టింపు. రియాక్టర్ చుట్టూ ఉండే తొడుగులో (జాకెట్) తిరిగే చల్లటి ఉప్పునీరు, అంటే బ్రైన్, లాగేసే వేడి మాత్రం అలా పెరగదు, మెల్లగా పెరుగుతుంది. ఒక దశ దాటాక పుట్టే వేడి ఎక్కువ, పోయే వేడి తక్కువ. అప్పుడు చిల్లింగ్ ఎంత తెరిచినా అందుకోలేం. దీన్నే రన్‌అవే అంటాం.

ల్యాబ్‌లో లీటరు ఫ్లాస్కులో చక్కగా వచ్చిందని ఆర్ అండ్ డీ వాళ్లు చెబుతారు. అదే ఆకారంలో 5,000 లీటర్ల రియాక్టర్‌కి వెళ్తే, ఒక్కో లీటరుకు దక్కే గోడ వైశాల్యం 17 రెట్లు తగ్గిపోతుంది. గ్లాసులో టీ చూస్తుండగానే చల్లారుతుంది, పెళ్లి గుండిగలో సాంబారు గంటల తరబడి పొగలు కక్కుతుంది. ఈ తేడా వంట మాస్టర్‌కి తెలుసు. బ్యాచ్ ఎలా చేయాలో రాసి ఉండే మన బ్యాచ్ షీట్‌లో చాలాసార్లు కనిపించదు.

నా కళ్లముందు జరిగిందొకటి చెబుతాను. ఒక ప్లాంట్లో నైట్ షిఫ్టులో అజిటేటర్, అంటే రియాక్టర్ లోపల సరుకును కలిపే యంత్రం, ట్రిప్ అయి ఆగిపోయింది. పైనుంచి అడిషన్, అంటే కొద్దికొద్దిగా కలపాల్సిన కెమికల్, మాత్రం పడుతూనే ఉంది. ఇరవై నిమిషాలకు గమనించిన కెమిస్ట్ మోటార్ మళ్లీ ఆన్ చేయబోయాడు. ‘ఆగు తమ్ముడూ’ అని చెయ్యి పట్టుకున్నాను. కలవకుండా పేరుకున్న సరుకంతా అజిటేటర్ తిరగ్గానే ఒక్కసారిగా రియాక్ట్ అవుతుంది. అడిషన్ మూసి, చిల్లింగ్ పూర్తిగా తెరిచి, ఫ్లోర్ మీద ఉన్నవాళ్లందరినీ కిందికి పంపాం. సీనియర్లు వచ్చి లెక్కలు వేశాకే దూరం నుంచి కొన్ని సెకన్ల చొప్పున తిప్పాం. అయ్యేసరికి తెల్లారింది. ఆ అబ్బాయిది తప్పు కాదు. ఆగిన మోటార్‌ని ఆన్ చేయాలనే ఎవరికైనా అనిపిస్తుంది. అజిటేటర్ ఆగితే ఏం చేయాలో అతని బ్యాచ్ షీట్‌లో ఒక్క లైను లేదు. ఆగగానే అడిషన్ వాల్వ్ దానంతటదే మూసుకునే ఇంటర్‌లాక్ ఉంది, కానీ దాన్ని బైపాస్‌లో పెట్టారు, అంటే పనిచేయకుండా ఆపి ఉంచారు. అప్పటినుంచి ఏ ప్లాంటుకు వెళ్లినా ముందు అడిగేది అలా ఆపినవాటిని రాసే బైపాస్ రిజిస్టరే.

అపోహ: అది స్టోరేజ్ ట్యాంక్. అందులో ఏ రియాక్షన్ జరుగుతుంది?

విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ నుంచి లీకై వచ్చింది స్టోరేజ్ ట్యాంకులోని స్టైరీన్, ప్లాస్టిక్ తయారీకి వాడే ద్రవం. లాక్‌డౌన్‌లో ప్లాంట్ ఆగి ఉంది. ప్లాంట్ ఆగింది కానీ స్టైరీన్ ఆగదు. వేడెక్కితే తనలో తానే కలిసి పాలిమర్ అవుతుంది, ఆ క్రమంలో ఇంకా వేడి పుట్టిస్తుంది. దాన్ని ఆపడానికి కలిపే ఇన్హిబిటర్ అనే కెమికల్ తగినంత లేదు. ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగున ఉంది, పైపొరలు కాగుతున్నా అందులో కనిపించలేదు. పన్నెండు మంది చనిపోయారు. 1984 డిసెంబరు 2 రాత్రి భోపాల్‌లోనూ కథ నడిచింది స్టోరేజ్ ట్యాంకులోనే. మిథైల్ ఐసోసైనేట్ అనే విష కెమికల్‌లోకి నీళ్లు చేరి రియాక్షన్ మొదలైంది. చల్లబరిచే యూనిట్‌ని నెలల ముందే ఆపేశారు, గ్యాస్‌ని కాల్చేసే ఫ్లేర్‌కి వెళ్లే పైపును రిపేరు కోసం విప్పి ఉంచారు.

సంక్రాంతికి, దసరాకి మన దగ్గర ప్లాంట్లు మూసి అందరూ ఊళ్లకు వెళ్తారు. ఆ నాలుగు రోజులూ ట్యాంకుల ఉష్ణోగ్రత ఎవరు రాస్తారో పేరుతో సహా నోటీసు బోర్డు మీద ఉండాలి.

అపోహ: పొడి పేలుతుందా?

2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా ప్రాణాలు పోయిన ఫ్యాక్టరీలో చేసేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. చెక్క గుజ్జు నుంచి తీసి మాత్రల్లో కలిపే పొడి అది. దాని పేరు విని ఎవరూ భయపడరు. పంచదార పేరు విన్నా భయపడరు, కానీ 2008 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియాలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో ఆ ధూళే పేలి 14 మంది చనిపోయారు. మండే స్వభావం ఉన్న ఏ పొడైనా మెత్తగా ఉండి గాలిలో లేస్తే అంటుకుంటుంది. మొదటి పేలుడు చిన్నదే కావచ్చు. దాని అదురుకు దూలాల మీద, కేబుల్ ట్రేల మీద పేరుకున్నదంతా లేచి, రెండోది బిల్డింగ్‌ని కూల్చేస్తుంది. ఆ పొర మిల్లీమీటరు మందం లేకపోయినా చాలు. దాన్ని కంప్రెస్డ్ ఎయిర్‌తో ఊదడం కంటే ప్రమాదం ఇంకోటి లేదు. పొడి కోసం తయారైన వాక్యూమ్‌తోనే తీయాలి.

అపోహ: దగ్గర్లో నిప్పు లేదు, మంట ఎలా వస్తుంది?

టోలుయిన్ అనే సాల్వెంట్ ఫ్లాష్ పాయింట్, అంటే దాని ఆవిరి అంటుకోగలిగే కనీస ఉష్ణోగ్రత, 4 డిగ్రీలు. అక్కడినుంచి సుమారు 37 దాకా, మూసిన పాత్రలో పైన ఉండే ఆవిరీ గాలీ సరిగ్గా అంటుకునే పాళ్లలో ఉంటాయి. అంటే హైదరాబాద్‌లో ఏడాదిలో దాదాపు ప్రతిరోజూ. రియాక్టర్ మ్యాన్‌హోల్ తెరిచి ప్లాస్టిక్ బ్యాగులోంచి పొడి కుమ్మరిస్తే పుట్టే స్టాటిక్ స్పార్క్ దానికి చాలు. అందుకే లోపలి గాలిని తోసేయడానికి నైట్రోజన్, అందుకే స్టాటిక్ నేలలోకి పోవడానికి ఎర్తింగ్.

అపోహ: బెల్లం, అరటిపండు తింటే కెమికల్ పోతుంది.

తినండి, మంచిదే. కానీ పీల్చిన సాల్వెంట్ ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, బెల్లం వెళ్లేది పొట్టలోకి. మీ కంపెనీ బెల్లం ఇచ్చి ఎగ్జాస్ట్ బాగు చేయించకపోతే గట్టిగా అడగండి.

అపోహ: గ్యాస్ ఉంటే వాసన వస్తుంది, అప్పుడు బయటికి వచ్చేస్తాం.

నైట్రోజన్‌కి వాసనే లేదు. ఆక్సిజన్ దాదాపు లేని చోట ఒకటి రెండు శ్వాసలకే మనిషి పడిపోతాడు, ఊపిరాడని బాధ కూడా తెలియదు. ప్లాంటు మురుగునీటిని శుద్ధి చేసే ఈటీపీ ట్యాంకులో సల్ఫైడ్ నీళ్లకు యాసిడ్ తగిలితే పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్‌కి కుళ్లిన గుడ్డు వాసన ఉంటుంది, నిజమే. కానీ గాలిలో పది లక్షల పాళ్లకు వంద పాళ్లు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. ‘ఇప్పుడు వాసన తగ్గింది అన్నా’ అని ఒకరు దిగుతారు. ఆయన పడిపోగానే తమ్ముడో, ఊరివాడో ఆగలేక దూకుతాడు. ఆ ప్రేమను ఎవరూ తప్పు పట్టలేరు, కానీ రెండో శవం అలాగే వస్తుంది.

దిగకముందే గ్యాస్ కొలిచే మీటర్‌ని పైన, మధ్యలో, అడుగున దించి చూడాలి. ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకూడదు. దిగే మనిషికి ఒంటికి బిగించే పట్టీలు (హార్నెస్) వేసి, తాడును పైన నిలిపే మూడు కాళ్ల స్టాండుకు (ట్రైపాడ్) కట్టాలి, పైనున్నవాడు దిగకుండానే లాగగలగాలి. ఎవరినైనా తేవడానికి దిగక తప్పదంటే ఫిల్టర్ మాస్కు పనికిరాదు. ఫిల్టర్ గాలిని వడకడుతుంది, లేని ఆక్సిజన్‌ని ఇవ్వదు. సిలిండర్ ఉన్న బ్రీతింగ్ సెట్ కావాలి. అది స్టోర్ రూమ్‌లో తాళం వేసి కాదు, ట్యాంకు పక్కనే ఉండాలి.