పద్దెనిమిది నిండిన మర్నాడు

అనాథలను పెంచే హోంలో పెరిగిన పిల్లల్లో కొందరికి పుట్టినరోజు కూడా అంచనాయే. బడి సర్టిఫికెట్, మున్సిపాలిటీ జనన ధ్రువపత్రం రెండూ లేకపోతే ఎముకలకు ఎక్స్‌రే తీసి డాక్టర్లు వయసు లెక్కగడతారు. ఏడాది అటూ ఇటూ తేడా రావడం మామూలే. పద్దెనిమిది నిండాయని హోం నుంచి బయటికి పంపేటప్పుడు మాత్రం ఆ తేదీయే శాసనం. ఇంట్లో పెరిగిన కుర్రాడు ఆ వయసులో నాన్నను వెంటబెట్టుకుని ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌కి తిరుగుతుంటాడు.

తర్వాత వీళ్ల గతేమిటన్న ప్రశ్న పాతదే. 1850లో కంపెనీ ప్రభుత్వం అప్రెంటిస్ చట్టం తెచ్చింది. పదేళ్లు దాటిన అనాథలను, పేద పిల్లలను ఏదో ఒక పనివాడి దగ్గర పెట్టి చేతిపని నేర్పించవచ్చు. గడువు ఏడేళ్లకు మించకూడదు, వయసు 21 దాటకూడదు. ఆడపిల్లయితే పెళ్లయ్యేదాకానే. ఇందులో జాలి పాలెంత, చవక కూలీ మీద ఆశ ఎంత అన్నది వేరే చర్చ. ఆ 21 మాత్రం గుర్తుపెట్టుకోండి.

స్వాతంత్ర్యం వచ్చాక 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది. తొలి అధ్యక్షురాలు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆశ్రమాల నుంచి, జైళ్ల నుంచి బయటికొచ్చేవాళ్లను ఎలా ఆదుకోవాలన్న దానిపై ఆ బోర్డు కమిటీ వేసింది. హైదరాబాద్‌లో యూసుఫ్‌గూడ వైపు ఉండేవాళ్లకు బాగా అలవాటైన ‘స్టేట్ హోం’ అన్న మాట ఆ కాలపు ఆలోచనల్లోంచి వచ్చిందే. ఆడపిల్లల విషయంలో హోంలకు చాలాకాలం తెలిసిన పునరావాసం పెళ్లొక్కటే. అధికారులే పెళ్లి పెద్దలై అక్షింతలు వేసేవారు. బాగున్నవాళ్లు లేకపోలేదు. కానీ అత్తింట్లో గొడవైతే నాలుగు రోజులు వెళ్లి ఉండటానికి పుట్టిల్లేదీ?

ఇక చట్టాలు. 1986 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం మగపిల్లాడు పదహారుకే పెద్దవాడు, ఆడపిల్లకు పద్దెనిమిది. 2000లో ఇద్దరికీ 18 చేశారు, ఆ తర్వాత మూడేళ్లకు మించకుండా ఆఫ్టర్‌కేర్, అంటే హోం వదిలాక ఇచ్చే ఆసరా, అన్నారు. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన ఇప్పటి చట్టంలో 46వ సెక్షన్ దీని గురించే. హోం వదిలేవాళ్లకు ఆర్థిక సాయం ‘ఇవ్వవచ్చు’ అంటుంది. ‘ఇవ్వాలి’ అనదు. దాంతో అది హక్కు కాకుండా పోయింది, ఏ జిల్లాలో ఫైలు కదిలితే అక్కడి పిల్లల అదృష్టం. గడువు మళ్లీ 21 ఏళ్ల వయసు దాకానే, తప్పనిసరైతే 23. నూట అరవై ఆరేళ్లకు తిరిగి అదే అంకె దగ్గరికి వచ్చాం. పిల్లల సంరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద ఇచ్చేది నెలకు 4,000 రూపాయలు. అమీర్‌పేటలో హాస్టల్ ఫీజు కట్టినవాళ్లెవరినైనా అడగండి, ఇంకేం మిగులుతుందో.

డబ్బుకన్నా ముందు కాగితాల టెన్షన్. ఏ దరఖాస్తు తీసినా తండ్రి పేరు, కులం, ఆదాయం అడుగుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దిక్కులేని పిల్లలను బీసీ-ఏ జాబితాలో చేర్చారు. మంచి పనే. అయితే పదేళ్లు నిండకముందే తల్లిదండ్రులను పోగొట్టుకుని ఉండాలి, చూసుకునే నాథుడు ఉండకూడదు, ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన హోంలోనో బడిలోనో చేరి ఉండాలి. పదకొండో ఏట అనాథ అయినవాడు ఆ కాలమ్‌లోకి రాడు. పాస్‌పోర్టు వాళ్లు కాస్త నయం. పుట్టిన తేదీకి రుజువు లేకపోతే హోం నిర్వాహకుల లెటర్‌హెడ్ మీద ధ్రువీకరణ చాలని 2016 చివర్లో సడలించారు.

2021లో కొవిడ్ అనాథల కోసం పీఎం కేర్స్ పథకం వచ్చింది. తల్లిదండ్రులిద్దరినీ కోల్పోయిన పిల్లలకు పద్దెనిమిది నుంచి నెలనెలా స్టైపెండ్, 23 నిండాక చేతికి 10 లక్షలు. చేతనైతే ఎలా చేయవచ్చో ప్రభుత్వానికి తెలుసన్నమాట. అదే ఏడాది రోడ్డు ప్రమాదంలో అమ్మానాన్నలను పోగొట్టుకుని, అదే హోంలో పక్క మంచం మీద పడుకునే పిల్లాడికి మాత్రం ఆ నాలుగు వేలే, అదీ మంజూరైతే.