బతుకుతెరువుకు విశాఖ వచ్చినవారి పిల్లలు: అపోహలు - వాస్తవాలు

ఇచ్ఛాపురం, పలాస, పార్వతీపురం వైపు నుంచి, ఒడిశాలోని గంజాం, కోరాపుట్ నుంచి పనికోసం విశాఖ వచ్చేవాళ్లు మధురవాడ కట్టడాల సైట్లలోనో గాజువాక అద్దె గదుల్లోనో దిగుతారు. పిల్లల కోసమే వచ్చామంటారు. ఆ పిల్లలకే వచ్చిన ఏడాది బడీ, టీకాలూ తప్పిపోతుంటాయి. చాలాసార్లు దానికి కారణం డబ్బు లేకపోవడం కాదు, ఎవరో చెప్పిన తప్పు మాట.

అపోహ: టీసీ, ఆధార్ లేకపోతే బడిలో చేర్చుకోరు. జూన్ దాటితే ఇక వచ్చే ఏడాదే.

వాస్తవం: 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు 2009 నాటి విద్యాహక్కు చట్టం ఉంది. టీసీ ఆలస్యమైందనో (సెక్షన్ 5), వయసు రుజువు లేదనో (సెక్షన్ 14), గడువు దాటిందనో (సెక్షన్ 15) ఏ బడీ బిడ్డను తిప్పి పంపకూడదు. వయసుకు ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం) రిజిస్టరు, అంగన్‌వాడీ రికార్డు చూపొచ్చు. అవీ లేకపోతే తల్లిదండ్రులు రాసిచ్చిన ప్రకటన చాలు.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటుంది. టీసీ కోసం తండ్రి ఊరెళ్లాలి, రెండు రోజుల కూలి పోతుంది, అందుకని వచ్చే నెల, ఆపై నెల అని వాయిదా పడుతుంది. అంతకాలం బిడ్డ సైటులో ఇసుక కుప్ప మీదే ఉంటుంది. ముందు బిడ్డను తీసుకుని దగ్గర్లోని ప్రభుత్వ బడికి వెళ్లండి. పాత బడి పేరు చెప్పండి, ప్రోగ్రెస్ కార్డు మీద పెన్ నంబరు (విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య) ఉంటే ఫొటో చూపండి. టీసీ తర్వాత తెప్పించుకోవచ్చు. కుదరదంటే ఆ మాటే రాసిమ్మని అడగండి, ఆ కాగితంతో మండల విద్యాశాఖాధికారిని (ఎంఈవో) కలవండి. రెండేళ్లు చదువు మానిన తొమ్మిదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో వేయకూడదు. ఈడు పిల్లల తరగతిలోనే చేర్చుకుని, వెనకబడిన పాఠాలకు విడిగా శిక్షణ ఇవ్వాలని సెక్షన్ 4 చెబుతోంది.

అపోహ: జనన ధ్రువపత్రం సొంతూళ్లోనే తీసుకోవాలి.

వాస్తవం: పుట్టిన చోటే నమోదవుతుంది. విశాఖ ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్‌లో పుట్టిన బిడ్డకు విశాఖ నగరపాలక సంస్థే (జీవీఎంసీ) ఇస్తుంది, తల్లిది ఏ ఊరైనా సరే. 21 రోజుల్లోపు నమోదు ఉచితం. 30 రోజులు దాటితే అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. పేరు ఇంకా పెట్టలేదని ఆగొద్దు. పేరు లేకుండానే నమోదు చేయించి, ఏడాదిలోపు రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. అసలు చిక్కు స్పెల్లింగ్ దగ్గర వస్తుంది. కాన్పుకు చేరేటప్పుడు తల్లి పేరు ‘లక్ష్మి’ అని రాయిస్తారు, ఆధార్‌లో ‘మహాలక్ష్మి’ ఉంటుంది. ఆ తేడా పదో తరగతి దాకా వెంటాడుతుంది. ఆసుపత్రిలో చేరిన రోజే ఆధార్ చూపి, అందులో ఉన్నట్టే రాయించండి.

అపోహ: టీకా మధ్యలో తప్పితే మళ్లీ మొదటి నుంచి వేయించాలి.

వాస్తవం: అక్కర్లేదు, ఆగిన డోసు నుంచే కొనసాగిస్తారు. పాత కార్డు పారేయొద్దు. సైటుకు దగ్గర్లోని ఆశా కార్యకర్తకు అది చూపిస్తే ఏది బాకీ ఉందో చెబుతుంది.

అపోహ: ఇంట్లో ఒడియానో ఊరి యాసో మాట్లాడితే బిడ్డకు ఇంగ్లిష్ రాదు.

వాస్తవం: ఈ అపోహే అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తోంది. రాని ఇంగ్లిష్‌లో తల్లి మాట్లాడబోతే బిడ్డతో మాటలే తగ్గిపోతాయి. బిడ్డకు కావాల్సింది కబుర్లు, కథలు, ‘ఎందుకు’ అని అడిగితే ఓపికగా జవాబు. వచ్చిన భాషలోనే చెప్పండి. వంట చేస్తూ ఉల్లిపాయలు లెక్కపెట్టించండి, పెద్దదేదో చిన్నదేదో అడగండి. ఒక భాషలో లెక్క తెలిసిన బిడ్డకు రెండో భాషలో మాట నేర్పితే చాలు, లెక్క మళ్లీ నేర్పక్కర్లేదు.

అపోహ: రేషన్, అంగన్‌వాడీ గుడ్డు, పాలు సొంతూళ్లోనే.

వాస్తవం: ఉన్న చోటి అంగన్‌వాడీలోనే పేరు రాయించుకోవచ్చు, గర్భిణులు కూడా. ఆధార్‌తో ముడిపడిన రేషన్ కార్డుంటే ఒడిశా వాళ్లూ ఇక్కడి డిపోలో వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు.

సంక్రాంతికి ఊరెళ్లే ముందు బడిలో, అంగన్‌వాడీలో తిరిగొచ్చే తేదీ చెప్పి వెళ్లండి. చెప్పకుండా నెల దాటితే బిడ్డ పేరు బడి మానేసినవాళ్ల లెక్కలోకి పోవచ్చు.