కొండను స్కేలుతో కొలవడం

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న దోర్నాల దారిలో, కృష్ణా నీటిని తెచ్చే వెలిగొండ సొరంగాల మాట వచ్చినప్పుడు, "అంత గట్టి కొండను తవ్వితే పైకప్పు ఎందుకు కూలుతుంది తాతయ్యా" అని అడిగారు. కారులో చెప్పి తీరే జవాబు కాదు కనుక ఈ ఉత్తరం.

ముందు మార్కాపురం పలకను తలచుకోండి. బండ అంచున పలుచని ఉలి ఆనించి నెమ్మదిగా కొడితే అది పొరలు పొరలుగా విడిపోతుంది. అదే బండను పొరలకు అడ్డంగా కొడితే ఉలి మొద్దుబారుతుందే గాని రాయి అంత సులువుగా లొంగదు. సొరంగం కూలేది చాలాసార్లు రాయి మెత్తనై కాదు, ఆ పొరల దగ్గర, పగుళ్ల దగ్గర పట్టు వదిలి. పొరలు నిటారుగా ఉండి సొరంగం వాటికి అడ్డంగా సాగితే పైకప్పు బాగానే నిలుస్తుంది, బల్లపరుపుగా ఉంటే మాత్రం అడుగు పొర ఆధారం లేక వంగి రాలిపోతుంది.

మరి లోపలి పగుళ్లు బయటి నుంచి ఎలా తెలుస్తాయి? బోరు వేసి, కడ్డీలాంటి రాతి ముక్కలను, అంటే కోర్‌ను, పైకి తీసి పెట్టెలో వరసగా పేరుస్తారు. 1960లలో డీర్ అనే అమెరికన్ ఆచార్యుడు ఒక చిన్న లెక్క చెప్పాడు: పది సెంటీమీటర్లకు తగ్గని ముక్కల పొడవులను మాత్రమే కూడి, బోరు వేసిన పొడవుతో భాగించాలి. మీటరు బోరులో 25, 18, 12 సెంటీమీటర్ల ముక్కలు మూడు, మిగిలినదంతా నలుసులూ పెచ్చులూ అయితే ఫలితం 55 శాతం. రాతి నాణ్యతను చెప్పే ఈ అంకెను ఆర్‌క్యూడీ (రాక్ క్వాలిటీ డిజిగ్నేషన్) అంటారు. బోరు యంత్రం విరిచిన చోటును పగులుగా లెక్కించకూడదు. కొత్త విరుపు తాజాగా, గరుకుగా ఉంటుంది, పాత పగులు ముఖాన తుప్పురంగో మట్టో పట్టి ఉంటుంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే.

ఈ ఒక్క అంకె చాలదని 1974లో నార్వేలో బార్టన్, ఆయన సహచరులు పగుళ్ల వరసలు ఎన్ని, వాటి ముఖం నునుపా గరుకా, నడుమ బంకమన్ను ఉందా, నీరు ఊరుతోందా, పైకొండ ఒత్తిడి ఎంత అన్నవి కూడా చేర్చి 'క్యూ' పద్ధతిని రూపొందించారు. పైకప్పు నిలిచేందుకు రాతిలోకి ఎన్ని బోల్టులు దించాలో, కాంక్రీటు ఎంత మందాన చల్లాలో దానినిబట్టి అంచనా కడతారు.

వెలిగొండ సొరంగాలు ఒక్కొక్కటి సుమారు 18.8 కిలోమీటర్లు, పైన పులుల అడవి. అటువంటి చోట దారి పొడవునా బోర్లు వేయలేరు. సొరంగం తవ్వే యంత్రం ముందుకు సాగుతుండగానే ఎదుటి రాయిని చదువుకోవాలి. ఈసారి వచ్చేటప్పుడు మీ జామెట్రీ పెట్టెలో స్కేలు మరవకండి, పెరట్లో నాలుగు పలక ముక్కలు దాచి ఉంచాను.

మీ తాతయ్య,
ఒంగోలు