డ్రిల్లు మాస్టారికీ ఫిజియోకీ నడుమ

ఇంటర్ చదివే రోజుల మాట. తిరుపతిలో ఒక కాలేజీ గ్రౌండులో కబడ్డీ మ్యాచ్ జరుగుతోంది. కూతకు వెళ్లిన మావాడు తిరిగొస్తూ పాదం లోపలికి మెలిక పడి కూలబడ్డాడు. చూస్తుండగానే చీలమండ పక్కన నిమ్మకాయంత వాపు లేచింది. కాలేజీలో ఆటలు చూసే పీడీ సార్ పరుగున వచ్చి నొప్పి స్ప్రే కొట్టారు. ఒకడు గేటు బయట చెరుకురసం బండి దగ్గర ఐసు గడ్డ అడిగి తెచ్చి తువ్వాల్లో చుట్టాడు. మ్యాచ్ చూడ్డానికొచ్చిన పెద్దాయనొకరు కాలు పట్టుకుని లాగబోతే, మావాడు పెట్టిన కేకకు ఆయనే రెండడుగులు వెనక్కి వేశాడు. రుయా పెద్దాసుపత్రికి తీసుకుపోదామని సగం మంది. "రుయా ఎందుకు నాయనా, పుత్తూరుకు పోండి, ఒక్క కట్టుతో లేచి తిరుగుతాడు" అని మిగతా సగం. చివరికి పుత్తూరు బస్సే ఎక్కించాం.

ఇందులో ఎవర్నీ తప్పుపట్టడానికి లేదు. అందరూ సాయం చేయాలనే చూశారు. కానీ అంతమందిలో ఆ కాలు చూసి ఇది బెణుకా, ఎముక విరిగిందా అని నిదానంగా తేల్చగలిగేలా చదువుకున్న మనిషి ఒక్కరూ లేరు. నిజానికి అది మరీ బ్రహ్మవిద్య కాదు. చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముక గుబ్బల వెనక అంచున, పాదం మధ్యలో రెండు చోట్ల వేలితో నొక్కితే నొప్పి ఉందా, సొంతంగా నాలుగడుగులు వేయగలుగుతున్నాడా అని చూస్తే ఎక్స్‌రే అవసరమో కాదో చాలావరకు తెలిసిపోతుంది. కెనడాలోని అటవా వైద్యులు 1992లో ప్రకటించిన పద్ధతి ఇది. దీన్ని నేర్చుకుని గ్రౌండు పక్కన నిలబడడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లను అమెరికాలో అథ్లెటిక్ ట్రైనర్ అంటారు. మనకు ట్రైనర్ అనగానే జిమ్ములో బరువులెత్తించే అన్న గుర్తొస్తాడు. వీళ్లు ఆ ట్రైనర్లు కాదు. దెబ్బ తగలకుండా చూడడం, తగిలితే మొదటి నిమిషాల్లో ఏం చేయాలో చేయడం, మళ్లీ ఆటలోకి ఎప్పుడు దించాలో చెప్పడం వీళ్ల పని.

అక్కడ కూడా ఈ చదువు మొదట్నించీ ఇలా లేదు. మాలీషు, టేపు కట్టడం చేస్తూ చేస్తూ నేర్చుకున్నవాళ్లే జట్ల వెంట తిరిగేవారు. 1950లో కాన్సాస్ సిటీలో వాళ్లంతా జాతీయ సంఘం పెట్టుకున్నారు. 1959లో కాలేజీల కోసం ఒక నమూనా సిలబస్ ఒప్పుకున్నారు. మన కథకు పనికొచ్చే మలుపు ఇక్కడే ఉంది. ఆ సిలబస్‌లో రెండు సంగతులు పట్టుబట్టి పెట్టారు. ఒకటి, విద్యార్థి హైస్కూల్ టీచరు అర్హత కూడా సంపాదించాలి. రెండు, తర్వాత ఫిజియోథెరపీ చదవాలంటే ముందుగా కావాల్సిన సబ్జెక్టులు కూడా చదవాలి. ఎందుకంటే, గాయాలు చూడ్డానికే ఒక మనిషికి జీతమిచ్చే స్కూళ్లు అప్పుడు తక్కువ. పగలు ఆరోగ్య పాఠమో వ్యాయామ పాఠమో చెప్పి, సాయంత్రం గ్రౌండులో ఉండే మనిషైతే స్కూలుకు గిట్టుబాటు. ఈ కోర్సు ఆరోగ్య విద్యతో ముడిపడింది సిద్ధాంతం కోసం కాదు, ఉద్యోగం కోసం.

తర్వాత ఆ ముడులు ఒక్కొక్కటే విప్పుకున్నారు. 1970ల మధ్యలో ఫిజియోథెరపీ ముందస్తు సబ్జెక్టులు పోయాయి. ఇది విడి డిగ్రీగానే ఉండాలని 1980లో తీర్మానించుకున్నారు. 1990లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దీన్ని అనుబంధ వైద్య వృత్తిగా గుర్తించింది. జట్టుతో తిరిగి గంటలు లెక్క చూపించి పరీక్ష రాసే దారి 2004తో మూసుకుపోయింది. మాస్టర్స్ ఉండాల్సిందేనని 2015లో నిర్ణయించి, 2022 తర్వాత డిగ్రీ స్థాయిలో కొత్త అడ్మిషన్లు ఆపేశారు.

మన దగ్గర టీచరు సగం ఉంది, ఫిజియో సగం ఉంది. రెంటినీ కలిపిన కోర్సు మాత్రం పుట్టలేదు.

టీచరు సగం మద్రాసు నుంచి వచ్చింది. తిరుపతి అప్పుడున్న చిత్తూరు జిల్లా 1911లో ఏర్పడిన నాటి నుంచి ఆంధ్ర రాష్ట్రం వచ్చేదాకా మద్రాసు కిందే ఉంది. బడిలో వ్యాయామమంటే అప్పట్లో డ్రిల్లు. వరుసలో నిలబడడం, విజిల్‌కు చేతులెత్తడం. కోడి రామ్మూర్తి నాయుడంతటి మల్లుడు కూడా మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొందొచ్చి విజయనగరంలో పిల్లలకు కసరత్తులు నేర్పినవాడే. 1920లో హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా కళాశాల పెట్టాడు. మన వ్యాయామ టీచర్లు చదివే బీపీఈడీల కుదురు అక్కడుంది. అంటే వ్యాయామం మొదట్నించీ టీచర్ ట్రైనింగ్ లెక్కలోనే పడింది. ఇవాళ్టికీ బీపీఈడీ నియమాలు చూసేది ఉపాధ్యాయ విద్యా మండలి, ఎన్‌సీటీఈ. 2014 నిబంధనలతో ఏడాది కోర్సు రెండేళ్లయింది. సిలబస్‌లో శరీర నిర్మాణం ఉంది, ఆరోగ్య విద్య ఉంది, స్పోర్ట్స్ మెడిసిన్, ఫిజియోథెరపీ, పునరావాసం కలిపి ఒక పేపరూ ఉంది. కాగితం మీద చూస్తే ముచ్చటేస్తుంది. కానీ సీటు కోసం పీఈసెట్‌లో వంద మీటర్లు పరిగెత్తి, గుండు విసిరి వచ్చిన కుర్రాడు ఆ పేపరును గైడు చదివి పాసవుతాడు. నిజంగా వాచిన చీలమండ మీద వేలు పెట్టి చూడకుండానే పీఈటీ అయిపోవచ్చు.

ఫిజియో సగానికి తిరుపతిలో కొదవ లేదు. రుయా 1962 నుంచి ఉంది. ఎముకల వైద్యానికి, పోలియో బాధితుల పునరావాసానికి టీటీడీ 1985లో బర్డ్ ఆసుపత్రి పెట్టింది. 1993లో స్విమ్స్ ఆసుపత్రి మొదలైంది. ఫిజియోథెరపీ డిగ్రీ, అంటే బీపీటీ కోర్సు అక్కడ ఉంది. నాలుగేళ్ల చదువు, ఆపైన ఇంటర్న్‌షిప్. అయితే ఆ ఇంటర్న్‌షిప్ తిరిగేది వార్డుల్లో. పక్షవాతం వచ్చిన తాతను నడిపించడం, ఐసీయూలో ఛాతీ తేలిక చేయడం, ఆపరేషనైన మోకాలు వంచడం. అన్నీ కావాల్సినవే. సాయంత్రం ఐదింటికి ఖోఖో ప్రాక్టీసు జరిగే చోటికి మాత్రం వాళ్లను ఎవరూ పంపరు. ఒకటి విద్యాశాఖ ఫైలు, ఇంకొకటి ఆరోగ్యశాఖ ఫైలు.

ఈ ఖాళీలోనే పుత్తూరు కట్టు నిలబడిందని నాకనిపిస్తుంది. తిరుపతికి పట్టుమని నలభై కిలోమీటర్లు లేని పుత్తూరు పక్కన రాచపాళెంలో తరతరాలుగా ఎముకలు కడుతున్నారు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి బండ్లు కట్టుకొస్తారు. పుత్తూరు కట్టు బోర్డులు చెన్నై, బెంగళూరు వీధుల్లోనూ కనబడతాయి. దీన్ని మూఢనమ్మకమని తీసిపారేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. రోగి భయాన్ని పట్టించుకుని, చేత్తో తాకి చూసి, తక్కువ డబ్బులో పని ముగించే చోటికి జనం పోక ఎక్కడికి పోతారు? అదే సమయంలో, మోకాలి లోపలి లిగమెంటు తెగితే వెదురు బద్ద అతికించలేదన్నదీ నిజమే. బిగించి కట్టిన కట్టు కింద వేళ్లు చల్లబడి నల్లగా మారుతుంటే వెంటనే విప్పించాలని ఇంట్లోవాళ్లకు చెప్పేవాళ్లూ ఉండాలి. మావాడికి వాపు తగ్గింది, నడక వచ్చింది. ఎప్పుడు మళ్లీ ఆడొచ్చో ఎవరూ చెప్పలేదు కనుక నెలకే దిగాడు, మళ్లీ అదే కాలు మెలిక పడింది. ఇప్పటికీ అలిపిరి మెట్లు నడిచే ఎక్కుతాడు గానీ దిగడానికి బస్సే.

ఐసు సంగతి కూడా చెప్పాలి. విశ్రాంతి, ఐసు, బిగింపు, కాలు ఎత్తిపెట్టడం అనే నాలుగు ముక్కల సూత్రాన్ని 1978లో ప్రచారంలోకి తెచ్చింది గేబ్ మిర్కిన్ అనే అమెరికన్ వైద్యుడు. ఐసు, పూర్తి విశ్రాంతి వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని 2014లో ఆయనే మాట మార్చుకున్నాడు. మన స్ప్రే డబ్బాకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు.

ఆరోగ్య విద్యది వేరే దారి. దేశంలో ఆరోగ్య సేవలెలా ఉండాలో చెప్పడానికి వేసిన భోర్ కమిటీ 1946లో దాని అవసరం గట్టిగా చెప్పింది. 1956లో కేంద్ర ఆరోగ్య విద్యా బ్యూరో వచ్చింది. అప్పటి గోల మలేరియా, కలరా, కుటుంబ నియంత్రణ. ఆటగాళ్లు ఎవరి లెక్కలోనూ లేరు. 2009 విద్యాహక్కు చట్టం వంద మందికి పైగా పిల్లలున్న ప్రాథమికోన్నత బడికి ఆరోగ్య, వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద బడికి ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా తయారు చేయాలన్నారు. పరీక్షలు దగ్గరపడితే ఆ పీరియడు లెక్కల సారుకు పోతుందని పిల్లల్ని అడిగినా చెబుతారు. రక్తహీనతతో ఆయాసపడుతూనే పరిగెత్తే ఆడపిల్లకు, మ్యాచ్ ముందు నొప్పి మాత్ర మింగే కుర్రాడికి, మే నెల ఎండలో కానిస్టేబుల్ ఉద్యోగం కోసం 1600 మీటర్లు ప్రాక్టీసు చేసేవాడికి కావాల్సిన పాఠం ఆ పీరియడులోనే ఉండాలి. వడదెబ్బ తగిలి పడినవాణ్ని ముందు చల్లటి నీళ్లలో దించి, తర్వాత ఆసుపత్రికి పంపాలన్నది అథ్లెటిక్ ట్రైనర్లకు మొదట నేర్పే సంగతుల్లో ఒకటి. మనం ముందు ఆటో వెతుకుతాం.

2021లో అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల చట్టం వచ్చింది. ఫిజియోథెరపిస్టుకు జాతీయ స్థాయిలో చట్టబద్ధమైన గుర్తింపు దొరికింది. ఆ జాబితాలో హెల్త్ ఎడ్యుకేటర్ కూడా ఉన్నాడు, వేరే వరుసలో.

బైపీసీ పిల్లలు అప్పుడప్పుడు అడుగుతుంటారు, "అన్నా, టీమ్ వెంట ఉండే ఆ ఫిజియో కావాలంటే ఏం చదవాలి?" అని. ఇప్పటికైతే బీపీటీ చేసి, దాని పైచదువు ఎంపీటీలో స్పోర్ట్స్ తీసుకోమంటాను. ఎంపీటీ దాకా ఆగకుండా, సెకండియర్ నుంచే దగ్గర్లోని కాలేజీ పీడీ సారును అడిగి సాయంత్రాలు గ్రౌండుకు పొమ్మంటాను. టేపు, కత్తెర, ఒక బకెట్టు చల్లటి నీళ్లు ఉంటే మొదలుపెట్టడానికి చాలు. సార్లు కూడా వద్దనరు. ఆ స్ప్రే డబ్బా వాళ్ల జేబు డబ్బుతో కొన్నదే.