ఇంట్లో పెంచే సువాసన ఆకులు: అపోహలు - వాస్తవాలు

మొక్కల నర్సరీ నడిపే నాకు తరచూ వినిపించే ఫిర్యాదు ఇది: "రోజూ నీళ్లు పోశాం, అయినా ఎండిపోయింది." ఆరా తీస్తే, పుదీనాకు చేయాల్సిన సేవ రోజ్‌మేరీకి చేసి ఉంటారు. వంటకు వాడే ఆకుల్లో రెండు తరహాలున్నాయి. కొత్తిమీర, పుదీనా, బేసిల్, పార్స్లీ మెత్తని కాడలవి. రోజ్‌మేరీ, థైమ్, కరివేపాకు కాడ ముదిరి కట్టెగా మారేవి. అన్నింటినీ ఒకే గాటన కట్టడంతోనే సగం అపోహలు పుడతాయి.

అపోహ: రోజూ నీళ్లు పోస్తే ఏ మొక్కయినా బతుకుతుంది.

రోజ్‌మేరీ మధ్యధరా తీరంలోని పొడి నేలల మొక్క. మట్టి ఎప్పుడూ తడిగా ఉంటే వేర్లు కుళ్లి, ఆకు ఎండిపోతుంది. అది చూసి దాహమనుకుని ఇంకా నీళ్లు పోస్తారు! వేలిని మొదటి గీత దాకా మట్టిలో గుచ్చి చూడండి. తడి తగిలితే రోజ్‌మేరీ, థైమ్‌ల జోలికి వెళ్లకండి. పుదీనాకు మాత్రం మట్టి ఆరకూడదు. దానికి విడి కుండీ కావాలి, లేదంటే పిలకలతో పక్క మొక్కల చోటంతా ఆక్రమిస్తుంది.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీరు బాగా దిగుతుంది.

చాలా మంది తోటమాలులు కూడా నమ్మే మాట ఇది. మట్టిలోని సన్నని ఖాళీలు నీటిని పట్టి ఉంచుతాయి. కింద రాళ్ల పొర ఉంటే, పైమట్టి పూర్తిగా నానేదాకా నీరు అందులోకి జారదు. అంటే ఎప్పుడూ తడిగా ఉండే పొర వేర్లకు మరింత దగ్గరవుతుంది. అడుగున రంధ్రం, గుల్లగా ఉండే మట్టి ఉంటే చాలు.

అపోహ: ఆకు కోస్తే మొక్క నీరసిస్తుంది.

బేసిల్ కొమ్మను దగ్గరగా చూడండి. కణుపు దగ్గర ఎదురెదురుగా రెండు ఆకులు, ఒక్కో ఆకు మొదట్లో ఆవగింజంత మొగ్గ. ఆ జతకు కాస్త పైన కత్తిరిస్తే రెండు మొగ్గలూ కొమ్మలుగా సాగుతాయి. పెద్ద ఆకులను ఒక్కొక్కటిగా గిల్లుతూ పోతే మొక్క సన్నగా పైకి పెరిగి పూతకొస్తుంది. ఒకేసారి మూడో వంతుకు మించి మాత్రం కోయకండి.

కొత్తిమీర దగ్గర ఈ సూత్రం పనిచేయదు. ఎండ ముదిరి, పగళ్లు పొడవైతే అది పూత కాడ తీస్తుంది. ఆకులు దారాల్లా చీలిపోతాయి. ఎంత తుంచినా వెనక్కి రాదు. రెండు మూడు వారాలకోసారి కొత్తగా విత్తుకోవడమే మార్గం. నారు పోసి పీకి నాటకండి, దాని తల్లివేరు అది ఓర్చుకోదు.

అపోహ: ఎరువు ఎంత వేస్తే అంత ఘుమఘుమ.

నత్రజని ఎక్కువైతే ఆకు ఏపుగా వస్తుంది, వాసన పలచబడుతుంది.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితే ఏ ఆకయినా తాజాగా ఉంటుంది.

బేసిల్ నల్లబడుతుంది. కాడలను గ్లాసు నీళ్లలో ఉంచి, గదిలోనే ఎండ తగలని చోట పెట్టండి. కొత్తిమీర, పార్స్లీలకు ఫ్రిజ్ మేలు, కానీ కడిగాక తడి ఆరకుండా లోపల పెడితే కుళ్లిపోతాయి.

అపోహ: ఎండు ఆకు ఎప్పుడూ పచ్చి ఆకు కంటే తక్కువే.

ఒరెగానో, థైమ్ ఎండినా వాసన నిలుపుకుంటాయి. ఎండు కొత్తిమీర అయితే నా దృష్టిలో ఆకుపచ్చ పొట్టు మాత్రమే. 3 చెంచాల పచ్చి ఆకుకు బదులు 1 చెంచా ఎండు ఆకు సరిపోతుంది. మొదట చెప్పిన రెండు తరహాల తేడా వంటలోనూ ఉంది: రోజ్‌మేరీ, థైమ్ లాంటి గట్టి ఆకులు మొదట్లోనే వేసి ఉడకనివ్వండి, మెత్తనివి పొయ్యి కట్టేశాక చల్లండి. కొత్తిమీర కాడలు పారేయకండి, వాటికీ రుచి ఉంది.

అపోహ: పచ్చి ఆకులు నూనెలో వేస్తే నెలలు నిల్వ ఉంటాయి.

మిగతావాటిలో పోయేది మొక్కో, రుచో. ఇందులో ప్రాణానికే ముప్పు. మట్టి నుంచి ఆకులకు అంటుకునే బోట్యులినమ్ బ్యాక్టీరియా బీజాలు, గాలి అందని నూనెలో, ఆకు తేమతో పెరిగి విషాన్ని తయారుచేయగలవు. రంగు, వాసన మారకపోవచ్చు కూడా. వెల్లుల్లి వేసిన నూనెకూ ఇదే ప్రమాదం. చేసుకున్న నూనెను ఫ్రిజ్‌లో పెట్టి 4 రోజుల్లో వాడేయండి. ఎక్కువ కాలం కావాలంటే తరిగిన ఆకును ఐస్ ట్రేలో వేసి, పైన నూనె పోసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించండి. కావాల్సినప్పుడు ఒక్కో ముక్క తీసి నేరుగా బాండీలో వేసుకోవచ్చు.